బడి వరండాలో పంటి డాక్టరు

ఊళ్లో ఉచిత దంత శిబిరమంటే బడి వరండా, ఒక ప్లాస్టిక్ కుర్చీ, డాక్టరు నుదుటికి కట్టుకున్న లైటు. కరెంటు పోయినా పని ఆగదు. చేతి పనిముట్లతోనే పుచ్చిన భాగాన్ని గీకి తీసి, ఆ గుంటలో గ్లాస్ అయనోమర్ సిమెంటు నింపి వేలితో అదుముతారు. డ్రిల్లు మోత ఉండదు, చాలాసార్లు మత్తు సూదీ అక్కర్లేదు. 1980ల్లో టాంజానియాలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది.

నాకు ముచ్చటేసేది ఆ చేతుల ఓపిక. "నొప్పి పుడితే చెయ్యెత్తు పెద్దమ్మా" అంటారు. చెయ్యి లేవగానే నిజంగానే ఆగుతారు. లవంగం నూనె అద్దుకుంటూ ఏళ్ల తరబడి నొప్పి అణుచుకున్న మనిషికి అది ఎంత ఊరటో! పొగాకు నమిలే నోట్లో మానని తెల్లమచ్చ కనిపిస్తే మాత్రం, పంటి సంగతి పక్కనపెట్టి పెద్దాసుపత్రికి చీటీ రాస్తారు. క్యాన్సర్‌ను తొలిదశలోనే పట్టించేది ఒక్కోసారి ఆ చీటీయే.

నల్లగొండ వైపు పిల్లల గోధుమరంగు పళ్లు చూసి "తోముకోవా?" అని గద్దించరు. అది నీళ్లలోని ఫ్లోరైడ్ చేసిన పనని వాళ్లకు తెలుసు.

మీ ఊరికి శిబిరం వస్తే, నొప్పి లేకపోయినా వెళ్లి ఒకసారి నోరు చూపించుకోండి.