మైకు ఎవరి చేతికి?

రిసెప్షన్‌కి మంచి యాంకర్ ఎవరైనా ఉంటే చెప్పమని ఫోన్ చేసేవాళ్లని నేను మొదట అడిగేది ఒకటే. భోజనాలు స్టేజీ ఎదురుగానా, వేరే హాల్లోనా? "దానికీ దీనికీ ఏం సంబంధం పిన్నీ?" అంటారు. చాలా ఉంది. మన ఫంక్షన్ హాళ్లలో ఎక్కువ చోట్ల డైనింగ్ హాలు విడిగా ఉంటుంది. జనం వస్తారు, లైన్లో నిలబడతారు, కవరు చేతిలో పెట్టి ఫొటో దిగుతారు, అటు నుంచి అటే భోజనానికి పోతారు. స్టేజీ ముందు కుర్చీల్లో మిగిలేది మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లూ, ఫోన్లలో తల దూర్చిన పిల్లలూ. వాళ్ల ముందు నిలబడి "హలో విజయవాడా, వినపడట్లేదు, ఇంకా గట్టిగా" అని అరిచే మనిషికి డబ్బివ్వడం దండగ.

ఒకప్పుడు ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్‌గా పనిచేశాను కాబట్టి బంధువర్గంలో నాకు మైకు సంగతులు తెలిసినదాన్నని పేరు. అందుకే ఈ ఫోన్లు. చాలా పెళ్లిళ్లు చూశాక నాకు తేలిందేమిటంటే, యాంకర్‌ని వెతకడానికి మనవాళ్లు పడే హైరానాలో పావలా వంతు కూడా ఆ యాంకర్‌ని సిద్ధం చేయడానికి పడరు. డెకరేషన్ వాడితో బంతిపూలా చామంతులా అని గంటలు గంటలు కూర్చుంటారు. యాంకర్‌కి మాత్రం వాట్సాప్‌లో శుభలేఖ ఫొటో పంపించి, "మిగతాది మీరు చూసుకోండమ్మా" అనేస్తారు. ఏం చూసుకుంటుంది ఆ పిల్ల? మీ ఇంట్లో ఎవరికి ఎవరితో మాటల్లేవో శుభలేఖలో వేయించరు కదా.

పెళ్లిలో మైకు పట్టుకునే మనిషి మనకి కొత్తేం కాదు. మా చిన్నప్పుడు కృష్ణా జిల్లా పల్లెల్లో భోజనాలయ్యాక పందిట్లో బల్ల వేసి చదివింపుల పుస్తకం తెరిచేవారు. ఒకాయన రాస్తుంటే ఇంకొకాయన మైకులో చదివేవాడు. ఫలానా ఊరు కాపురస్తులు, ఫలానా వెంకటేశ్వరరావు గారు, పెళ్లికూతురికి మేనమామ వరస, నూట పదహార్లు! ఆ చదివే మనిషికి రెండు వైపుల ఇంటిపేర్లూ, ఊళ్లూ, వరసలూ కంఠతా వచ్చుండేవి. ఎదుటికొచ్చి నిలబడ్డ మనిషిని పేరు అడగాల్సి రావడం ఆయనకి నామోషీ. నాకు బాగా నచ్చిన విద్య ఇంకొకటుంది ఆయనలో. ఇరవై రూపాయలు చదివించిన కూలీకీ, వెయ్యి నూట పదహార్లు చదివించిన రైసుమిల్లు ఆసామికీ గొంతు ఒకే ఎత్తులో ఉండేది. ఇచ్చింది తక్కువని అక్కడ గొంతు తగ్గితే ఆ కూలీ ఆ ఇంటి గడప మళ్లీ తొక్కేవాడా?

ఇక పురోహితుడు. జీలకర్రా బెల్లం వేళకి ఆయన నోరు మంత్రంలో ఉంటుంది, కన్ను గడియారం మీద ఉంటుంది. చెయ్యి ఇలా పైకి లేస్తుంది, అంతే, డోలూ సన్నాయీ గట్టిమేళం అందుకుంటాయి. లేచి నిలబడండి, అక్షింతలు వేయండి అని ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అందరికీ సుమలాంటి అమ్మాయి కావాలి. సుమ కనకాల పుట్టింటి భాష మలయాళం, అయినా తెలుగులో ఆమె సమయస్ఫూర్తికి తిరుగులేదు, ఒప్పుకుంటాను. కానీ సినిమా ఫంక్షన్లో ఆమె హీరో మీద ఓ చురక వేస్తే, ఆ హీరో ఎవరో, ఏ సినిమా ఆడిందో, ఏది పోయిందో హాలంతటికీ తెలుసు. మీ రాజమండ్రి పెదమామయ్య ఎవరో హాల్లో సగం మందికి తెలీదు. తెలియని మనిషి మీద జోకు పేలదు, పేలితే ఆయన్ని గాయపరచడానికే పేలుతుంది.

అసలు ఒక సాయంత్రం ఎలా నడుస్తుందో లెక్క వేసుకోండి. కార్డులో రాత్రి 7 గంటల నుంచి అని ఉంటుంది. పెళ్లికూతురి మేకప్పూ, బయట లైట్ల కింద ఫొటోషూటూ అయ్యి జంట స్టేజీ ఎక్కేసరికి ఎనిమిదిన్నర. ఆరు వందల మంది వచ్చారనుకుంటే, కుటుంబానికి ఒకటి చొప్పున రెండు వందల ఫొటోలు. ఫొటోకి అర నిమిషం వేసుకున్నా వంద నిమిషాలు. అంటే పదీ పది దాటుతుంది. ఆరుబయట లాన్ అయితే ఇంకో చిక్కు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు, మూసి ఉన్న హాళ్లకి మినహాయింపు ఉంది. మరి యాంకర్ నోరు విప్పడానికి ఖాళీ ఎక్కడుంది? జంట రాకముందు గంటన్నర ఉంది. నా మటుకు నాకు యాంకర్‌ని పెట్టుకునేది ఆ గంటన్నర కోసమే. జంట వచ్చాక ఆ పిల్ల పని మాట్లాడడం కన్నా చూడడం. లైను తోక ఎక్కడుందో చూడాలి. చేతికర్ర పట్టుకుని నిలబడ్డ ముసలాయన్ని పక్క మెట్ల మీదుగా పైకి పంపాలి. గేటుకి అడ్డంగా పెట్టిన కారు నంబరు చదవాలి. వడ్డనవాళ్లు రెండో బంతికి సిద్ధమయ్యారని కనుసైగ అందితే ముందు వరసల్లోవాళ్లని మెల్లగా లేపాలి. ఇది చేతనైన అమ్మాయి ఒక్క జోకు వేయకపోయినా ఫర్వాలేదు.

ఎంచుకునేటప్పుడు ఇన్‌స్టాగ్రామ్ రీల్సు చూసి మోసపోకండి. ముప్పై సెకన్ల రీల్లో కేరింతలే ఉంటాయి, ఆ కేరింతలకి ముందు నలభై నిమిషాలు హాలు ఎలా ఉందో ఉండదు. కత్తిరించని వీడియో ఒక పది నిమిషాలు అడగండి. దొరక్కపోతే ఆ అమ్మాయో అబ్బాయో చేస్తున్న వేరే ఫంక్షన్‌కి వెళ్లి వెనక కుర్చీలో కూర్చోండి. నేనైతే ఒక ప్రశ్న వేస్తాను: "పెళ్లికొడుకు గంట ఆలస్యమైతే ఏం చేస్తావమ్మా?" ఒకమ్మాయి టక్కున, "గేమ్స్ ఆడిస్తానండీ, నా దగ్గర చాలా ఉన్నాయి" అంది. ఇంకో అమ్మాయి ఆలోచించి, "వచ్చేవాళ్లలో పెద్దవాళ్లు ఎక్కువా, పెళ్లికూతురి ఫ్రెండ్స్ ఎక్కువా అండీ?" అని ఎదురడిగింది. రెండో అమ్మాయికే నా ఓటు. ఎఫ్ఎం కుర్రాళ్లు చురుకైనవాళ్లే కానీ స్టూడియోలో శ్రోతల మొహాలు చూడక్కర్లేకపోవడం వాళ్లకి అలవాటైపోయింది. టీవీ కామెడీ షోలవాళ్ల గురించి చెప్పడానికేం లేదు, డబుల్ మీనింగులు మీ అత్తగారికి నచ్చుతాయంటే పెట్టుకోండి.

పోయిన మాఘంలో ఏలూరులో మా దూరపు బంధువుల అమ్మాయి పెళ్లి. ఆ రెండో అమ్మాయినే కుదిర్చాం. పెళ్లికి వారం ముందు ఇంటికి రమ్మన్నాను. వరండాలో పెళ్లికూతురి అమ్మ, బాబాయి, నేను కూర్చున్నాం. తెల్లకాగితం మీద మధ్యలో నిలువు గీత గీయించాను. గీతకి ఎడమ పక్క చెప్పాల్సినవి, కుడి పక్క చెప్పకూడనివి. ఎడమ పక్క మొదటి పేరు దగ్గరే పేచీ వచ్చింది. "పెద్దన్నయ్య గారు ముందు, వయసులో పెద్ద" అన్నాడు బాబాయి. "మా తమ్ముడు ముందు. నెల రోజుల నుంచి పెళ్లి పనులన్నీ నెత్తినేసుకు తిరుగుతున్నది వాడు" అంది తల్లి. నిమిషం పాటు ఎవరూ మాట్లాడలేదు. యాంకర్ అమ్మాయే, "ఇద్దరు దంపతుల్నీ ఒకేసారి పిలవనా అండీ, పెదనాన్న గారిది కుడి మెట్లు, మేనమామ గారిది ఎడమ మెట్లు?" అంది. సరే అన్నారు. కుడి పక్క గడి తొందరగా నిండింది. పెళ్లికొడుకు ఉద్యోగం మారుతున్నాడు, కంపెనీ పేరు వద్దు. ఇద్దరూ ఎలా కలిశారని అడగొద్దు. పెళ్లికూతురి అక్కనీ బావగారినీ జంటగా స్టేజీ మీదకి పిలవొద్దు, వాళ్ల వ్యవహారం కోర్టులో ఉంది.

అప్పుడు తల్లి గొంతు తగ్గించి, "వాళ్ల నాన్న పేరు ఒక్కసారే చెప్పమ్మా, మొదట్లోనే. చివర్లో చెప్తే ఏడ్చేస్తాను, ఫొటోలన్నీ పాడైపోతాయి" అంది. ఆయన పోయి రెండేళ్లు. అమ్మాయి రాసుకుంటూ రాసుకుంటూ తలెత్తి, "ఊళ్లో ఆయన్ని ఏమని పిలిచేవారండీ?" అని అడిగింది.

"మాస్టారు అనేవారు."

"అయితే మాస్టారి అమ్మాయి పెళ్లి అంటానండీ. కీర్తిశేషులు అనను."

రిసెప్షన్ రోజు అంతే అంది, ఒక్క వాక్యం. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు హాల్లో బోలెడుమంది. చప్పట్లు వాళ్లే మొదలెట్టారు.

పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో రాసివ్వండి. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాల్లో పంపితే పల్లా, పళ్ల, పాళ్ల మూడూ ఒకేలా కనబడతాయి. యాంకర్ ఏదో ఒకటి చదువుతుంది, ఆ ఇంటిపేరుగలాయన మొహం మాడ్చుకుంటాడు. రాసిచ్చాక పైకి చదివించుకోండి. వెంకటరమణలో ణ పలుకుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. కాగితం కూడా మందంగా ఉండాలి, పోస్టుకార్డు అట్టలాంటిది. పల్చటి కాగితం మైకు దగ్గర గరగరలాడుతుంది, చెయ్యి వణికితే అదీ వణుకుతుంది. రేడియోలో మేం స్క్రిప్టుకి పిన్ను కొట్టేవాళ్లం కాదు, చదివిన పేజీని తిప్పకుండా పక్కకి జరిపేవాళ్లం. ఫోన్ చూసి చదవడం నాకు బొత్తిగా పడదు. వెలుతురు గడ్డం కిందనుంచి కొట్టి మనిషి దెయ్యంలా కనబడుతుంది, పైగా మధ్యలో ఎవరో ఫోన్ చేస్తారు.

మైకు గురించి చిన్న చిన్నవే. కార్డ్‌లెస్ మైకులో బ్యాటరీలు ఆ సాయంత్రం కొత్తవి వేయించాలి. స్పీకర్ బాక్సుల ముందుకి వెళ్లకూడదు, వెళితే కీచుమంటుంది. జాలీని గుప్పిట్లో మూస్తే కూడా కీచుమంటుంది, సినిమా పాటగాళ్లని చూసి పిల్లలు అలా పట్టుకోవడం నేర్చారు. నోటికి నాలుగు వేళ్ల దూరం చాలు. ఊది చూడ్డం, తట్టి చూడ్డం మానేయాలి. అన్నిటికన్నా ముఖ్యం సౌండ్ అబ్బాయితో ముందే ఒక సైగ అనుకోవడం. పురోహితుడి చెయ్యి లేస్తే మేళం మోగినట్టు, యాంకర్ చెయ్యి దిగితే పాట తగ్గాలి. "డీజే బ్రో, కొంచెం తగ్గించు బ్రో" అని ఆరు వందల మందికి వినపడేలా బతిమాలుకునే యాంకర్లని చూస్తే నాకు జాలేస్తుంది.

ఆటల దగ్గర నేను మొండిదాన్ని. పెళ్లికొడుకుని మోకాళ్ల మీద కూర్చోబెట్టి గులాబీ ఇప్పించడం, మొదటి ముద్దు ఎప్పుడని అడగడం, తాతయ్యలూ అమ్మమ్మలూ ఎదురుగా కూర్చుని నేలచూపులు చూడడం, ఇవి వద్దనే చెప్తాను. సరసం మనకి తెలీక కాదు. కొత్త దంపతులు ఇంట్లో అడుగుపెట్టేటప్పుడు ఆడపడుచు గడపకి అడ్డం నిలబడి ఒకరి పేరు ఒకరితో చెప్పించకుండా లోపలికి రానిస్తుందా? వియ్యపురాళ్ల మీద పాడే పాటల్లో ఎంత ఎకసెక్కెం ఉంటుందో విన్నవాళ్లకి తెలుసు. అయితే అక్కడ ఆటపట్టించేది ఇంటి మనిషి. రేపు పొద్దున్న ఆ వదినకే కాఫీ కలిపిచ్చేది ఆవిడే. డబ్బులు తీసుకుని పది దాటగానే క్యాబ్ ఎక్కే మనిషికి ఆ చనువు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆడించాల్సిందే అంటే జంటని ముందు అడిగి, ఒప్పుకున్నదే ఆడించాలి. ఇద్దర్నీ విడివిడిగా అడగాలి. పక్కన అతనుంటే అమ్మాయి దేనికైనా తలూపుతుంది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెళ్లిళ్లు చేసే మనవాళ్ల తీరు వేరు. అక్కడ అతిథులు టేబుళ్ల చుట్టూ కూర్చుంటారు, భోజనమూ కార్యక్రమమూ ఒకే హాల్లో, హాలు ఖాళీ చేసే టైము కచ్చితం. మైకు చాలాసార్లు కజిన్ల చేతిలోనో స్నేహితుల చేతిలోనో ఉంటుంది, అటు ఒకరూ ఇటు ఒకరూ. ఇది నాకు నచ్చుతుంది. చిక్కల్లా భాష దగ్గరే. పెళ్లికొడుకు ఆఫీసు స్నేహితులకి తెలుగు రాదు, కాకినాడ నుంచి వచ్చిన నాయనమ్మకి ఆ యాసలో ఇంగ్లీషు అందదు. అందుకని ప్రతి మాటా రెండుసార్లు చెప్తారు, రెండోసారి జోకు చప్పబడిపోతుంది. అడిగిన ఒక మేనకోడలికి నేను చెప్పిన సలహా ఇది: వివరాలు రెండు భాషల్లో చెప్పు, సరదా మాత్రం ఒక్కోసారి ఒక్కో భాషలో వెయ్యి. నాయనమ్మ కోసం వేసింది నాయనమ్మకి, స్నేహితుల కోసం వేసింది స్నేహితులకి. కాలేజీ హాస్టల్ ముచ్చట్లు ఎన్ని వద్దనుకున్నా దొర్లుతాయి, రెండుకి మించనివ్వకు.

ఇక ఫీజు సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. అడ్వాన్సు, రానూపోనూ కారు, రాత్రి ఎన్నింటిదాకా అన్నవి ముందే మెసేజీలో రాసిపెట్టుకుంటే చివర్లో గొడవుండదు. మిగతా సొమ్ము ఎవరిస్తారో ఒక మనిషి పేరు చెప్పండి. రాత్రి పదిన్నరకి పెళ్లికూతురి నాన్నని వెతుక్కుంటూ యాంకర్ వంటశాల దాకా వెళ్లడం చూశాను.

భోజనం మాత్రం మర్చిపోకండి. ఫొటోగ్రాఫర్లు, యాంకర్, సౌండ్ వాళ్లు చివర్లో తింటార్లే అనుకుంటాం. చివరికి మిగిలేది చల్లారిన పులిహోర, అడుగంటిన సాంబారు. ఏడు గంటలకే, జంట రాకముందే, ఆ అమ్మాయికి ఆకు వేయించమని నేను కేటరింగ్ ఆయనకి చెప్పేస్తాను. సౌండ్ అబ్బాయికి కూడా.