‘ఏటి’ అంటే నవ్వెందుకు?

బెల్‌గ్రేడ్‌లో తురుష్కుల కాలంనాటి పాత ఇల్లు ఒకటుంది. 1808లో దోసితేయ్ ఒబ్రాదోవిచ్ పెట్టిన పెద్దబడి కొన్నాళ్లు ఆ ఇంట్లోనే నడిచింది. అక్కడ చదువుకున్న వూక్ కరాజిచ్ తర్వాత సెర్బియన్ భాష రాతనే మార్చేశాడు. 1949 నుంచి ఆ ఇల్లు వాళ్లిద్దరి పేరున మ్యూజియం. నేను చూళ్లేదు, చదివానంతే.

విజయనగరంలో గురజాడ ఇంటికి మాత్రం వీలున్నప్పుడల్లా వెళ్తుంటాను. గురజాడా, గిడుగూ ఈ ఊళ్లోనే కలిసి చదువుకున్నారు. కన్యాశుల్కం మొదట ఆడింది ఇక్కడే, 1892లో. పూజారి గవరయ్య మాట ఒకలా, మధురవాణి మాట మరోలా రాసిన చెవి అది. బెల్‌గ్రేడ్ ఇంటికి ఇది వియ్యపు ఇల్లే.

తేడా ఒకటుంది. వూక్ 1818 నిఘంటువుకి మాటలు పల్లెల్లోంచి తెచ్చాడు. పసులకాపర్ల భాషని పండితులు ఈసడించారు. 1864లో ఆయన పోయాక, నాలుగేళ్లకి గాని ఆ రాతకి సర్కారు ఆమోదం దొరకలేదు. ఆఖరికి నిలిచింది మాత్రం ఆ పల్లె మాటే. గురజాడ, గిడుగుల వాడుక భాషా ఉద్యమం గెలిపించింది శిష్టుల వ్యావహారికాన్ని. అదీ తక్కువ గెలుపేం కాదు. గ్రాంథికంతో ఆ రోజుల్లో అంతకుమించి పోట్లాడ్డం కష్టం. కాని ఆ శిష్టుల వరసలో శ్రీకాకుళం రైతుకి చోటు దొరకలేదు. మా మేనల్లుడు క్లాసులో ‘ఏటి మేస్టారూ’ అంటే అందరూ నవ్వారట. సినిమాలో మన ఉత్తరాంధ్ర యాస వినబడిందంటే కామెడీ వచ్చిందనే లెక్క.

గిడుగు మాత్రం అలా నవ్వే మనిషి కాడు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో మేస్టారు పని చేస్తూ, సవర గిరిజనుల్ని ఇంటికి పిలిచి కూర్చోబెట్టుకుని వాళ్ల మాట నేర్చుకున్నాడు. గొంతులో చటుక్కున ఆగిపోయే ధ్వని కూడా జారిపోకుండా రాసుకున్నాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. తెలుగు కోసం కలం పట్టేనాటికే సవర మాట వినడంలో ఆయనకి ఏళ్ల అలవాటుంది.

నన్నడిగితే గురజాడ ఇంట్లో ఒక గది వినడానికే ఉంచాలి. బొబ్బిలి సంతలో బేరం, టెక్కలి బస్సులో తగువు, సాలూరులో పెళ్లిచూపుల కబుర్లు, సీతంపేట సవర ముసలమ్మ చెప్పే కథ రికార్డు చేసి పెట్టాలి. పక్కన శిష్ట వ్యావహారికంలో అర్థాలు రాసిన బోర్డు మాత్రం వద్దు. తెలీకపోతే పక్కవాళ్లని అడుగుతారు.