ముంజేయి తుంటిని రాసుకుంటూ

అమెరికాలో పన్నెండేళ్లలోపు అమ్మాయిల సాఫ్ట్‌బాల్‌లో బంతి విసిరే పిచర్‌కూ, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్‌కూ మధ్య 40 అడుగులు. చెయ్యి గిర్రున ఒక చుట్టు తిరిగి, తుంటి పక్కనే బంతిని వదలాలి.

బంతులు పదేపదే ఎత్తుగా పోతుంటే గట్టు మీది నాన్నలు "చూసి వెయ్యి!" అని అరుస్తారు. పాపం, ఆ పిల్ల చూసే వేస్తోంది! వదలడమే ఆలస్యమవుతోంది. అది పసిగట్టిన కోచ్ ఆమెను నెట్ ముందుకు తెచ్చి, అడుగు వేయనివ్వకుండా, ముంజేయి తుంటిని రాసుకుంటూ పోయేలా సగం చుట్టుతోనే విసిరిస్తారు. వేగం ఊసే ఎత్తరు. ఒక పూటకు ఒకే తప్పు దిద్దడం, మిగతావి కళ్లకు కనిపిస్తున్నా నోరు మెదపకపోవడం... అసలు పనితనం అక్కడే ఉంది.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ స్వర్ణం గెలిచిన పిచర్ జెన్నీ ఫించ్‌కు ఈ విద్య నేర్పింది తండ్రి డగ్. చెయ్యి తిప్పే కసరత్తుకు ఆయన ఏకంగా ఒక యంత్రమే తయారుచేశారు.

ఆ పిల్లకు నెట్ దగ్గర బంతి కుదిరాకే కోచ్ ఆమెను ఒక్కో అడుగూ వెనక్కి జరుపుతారు. బ్యాటర్ వచ్చేది ఆ తర్వాతే.