పాత దస్తావేజు చదివే లేఖరి

ఆటోనగర్ లారీ షెడ్ల సమ్మెట మోతల మధ్య కూర్చుని పాత కాగితం చదివే దస్తావేజు లేఖరి పనితనం చూసి తీరాలి. ముత్తాతకు ముత్తవ్వకన్నా ముందే ఓ పెళ్లయిందా అని అడిగితే పెళ్లి పత్రం వెతకడు; ఆ రోజుల్లో అదెక్కడిది? పొలం పంపకాల కాగితం తెమ్మంటాడు. సర్వే నంబర్లు దాటేసి, మైనరు కొడుక్కి సంరక్షకురాలిగా ఎవరు వేలిముద్ర వేశారో చూస్తాడు. ‘మారుతల్లి’ అని ఉంటే చదవడం ఆపి కళ్లజోడు సర్దుకుంటాడు. అంతటితో తేల్చేయడు. మనవడికి తాత పేరే పెట్టే ఊళ్లాయె! తండ్రి పేరుతో సరిచూసుకుని, పుట్టింటివారు పసుపు కుంకుమల కింద మొదటావిడకు రాసిన చెక్క ఏమన్నా ఉందేమోనని రిజిస్ట్రారాఫీసులో పేర్ల ఇండెక్సు వెతికిస్తాడు. 1949 చట్టం దాకా మద్రాసు రాష్ట్రంలో హిందూ మగవాడి రెండో పెళ్లికి అడ్డులేదు కనక, ఆవిడ అప్పటికే పోయిందనీ అనుకోడు. ఇంట్లో ఎవరూ తలవని మనిషికి ఒక్కోసారి పేరు, పుట్టిల్లు, కాలవ కింద కాస్త మాగాణి కూడా బయటపడతాయి.