తప్పితే నష్టం ఎవరికి?

1868లో కెప్టెన్ కార్ మద్రాసులో తెలుగు సామెతల సంకలనం అచ్చువేశాడు. ఆ తర్వాతి పుస్తకాలు చాలావరకు అకారాది క్రమంలో నడుస్తాయి. నా అభ్యంతరం ఆ వరుసతోనే. దూరంగా గుడి కడితే దగ్గర్లో వాన అన్నదీ, విధవ ఎదురైతే పని చెడుతుందన్నదీ ఒకే "పెద్దల మాట" అయిపోతాయి.

చంద్రుడి చుట్టూ గుడి కట్టడం ఎత్తయిన మబ్బుల్లోని మంచు స్ఫటికాల పని. వాన రాకపోతే ఆ మాట తప్పిందని రైతుకు తెలుస్తుంది. విరేచనాలకు ఉప్పేసిన గంజి తాగించిన తల్లి కూడా ఫలితం కళ్ళారా చూస్తుంది. శకునానికి ఆ పరీక్ష లేదు. పని అయితే ఎవరికీ గుర్తుండదు. కాకపోతే నింద ఆవిడదే. బాలింతకు నీళ్ళు కొలిచి పోసే పథ్యమూ ఈ కోవలోదే. పాలిచ్చే ఒంటికి నీళ్ళు ఎక్కువ కావాలి. నియమం పెట్టేది అత్తో అమ్మో కావచ్చు, దాహం మాత్రం బాలింతది.

అంతా మూఢనమ్మకమని తోసేసేవారు స్త్రీలు కూడబెట్టిన అనుభవాన్ని పారేస్తున్నారు. అంతా విజ్ఞానమని మోసేవారు స్త్రీల మీది ఆంక్షల్ని కాపాడుతున్నారు. ఈ మాట తప్పితే నష్టం ఎవరికి అని అడుగుతూ ఆ పుస్తకాలను మళ్ళీ చదవాలి.