రాక్షసరాణి, రాక్షసరాజ, రాక్షసక్షత్ర పదవిచారము

చదరంగమువలె వంతులవారీగా సేనలను నడపు కంప్యూటరు క్రీడలలో ‘హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్’ సుప్రసిద్ధము. రష్యాదేశపు నివాల్ సంస్థ నిర్మింపఁగా 2006లో యూబీసాఫ్టువారు ప్రకటించిన దాని యైదవ భాగమునకు, ఆ యేఁటనే ‘హామర్స్ ఆఫ్ ఫేట్’, 2007లో ‘ట్రైబ్స్ ఆఫ్ ది ఈస్ట్’ అను ననుబంధములు వెలువడినవి. అందు మాంత్రికుల సేనలో నాఱవ శ్రేణి భటులు రాక్షసులు. మొదటి పేరు ‘రాక్షసరాణి’. వారి నివాసమును వృద్ధిపఱచినచో ‘రాక్షసరాజ’ యగును. రెండవ యనుబంధమున వికల్పముగా ‘రాక్షసక్షత్ర’ చేరినది. కంప్యూటరు విపణికిఁ బేరొందిన సికింద్రాబాదు పార్కులేను పరిసరముల పిల్లలకు ఈ పదములు బడికంటె ముందు క్రీడయందే చెవిఁ బడవచ్చును. కావున నివి విచార్యములు.

మొదటి యాక్షేపము వ్యుత్పత్తిక్రమమును గూర్చినది. రాజన్ శబ్దమునకు స్త్రీప్రత్యయము చేరి ‘రాజ్ఞి’ యగును; దాని వికృతి ‘రాణి’. పుంవాచకమునుండి యిట్లు స్త్రీవాచకము పుట్టుట శాస్త్రసిద్ధము. క్రీడాకర్త లీ క్రమమును దలక్రిందు చేసిరి. రాణినుండి రాజు పుట్టుచున్నాఁడు. మఱియుఁ దత్సమమగు రాక్షసశబ్దముతో వికృతియగు రాణిశబ్దమును సమసించుట వైరిసమాసము. ‘రాక్షసుల రాణి’ యనుట మేలు.

‘రాక్షసరాజ’ యట్లు కాదు. సమాసాంత టచ్ ప్రత్యయముచే రాజన్ శబ్ద మకారాంతమైనది, రూపము సాధువు. అర్థముననే చిక్కు. రాక్షసులకు రాజని షష్ఠీతత్పురుషము చెప్పినచో, ఒక్క దండులోఁ బదుగురు రాజు లుండుట యెట్లు? రాక్షసుఁడైన రాజని కర్మధారయము చెప్పినచో నీ శంక తీఱును. అట్టి రాజులు మాంత్రికునికిఁ గొలువు చేయుటేల యను శంక మాత్రము నిలుచును.

‘రాక్షసక్షత్ర’మే మిగుల రసవంతము. ఎవనినుండి తన్నుఁ గాచుకొనవలెనో వాఁడు రాక్షసుఁడు. క్షతమునుండి కాపాడునది క్షత్రమని రఘువంశమున దిలీపుని నిర్వచనము. భయహేతువు, భయత్రాత రెండును నొక్క సమాసమున నిమిడినవి. క్రీడయందును ఆ భటుఁడు శత్రువునకు భయము, స్వపక్షమునకుఁ గాపు. ఉద్దేశించి చేసినను, యాదృచ్ఛికమైనను, మూలమున లేని యర్థపుష్టి యనుబంధమున లభించినది.

ఈ భటుల పులిమోమును జూచి, వీరు మన రాక్షసులు కారని త్రోసిపుచ్చువారు సుందరకాండమును మఱలఁ జూడవలెను. అశోకవనమున సీతను జుట్టుకొన్న రాక్షసస్త్రీలలోఁ బంది, లేడి, పులి, దున్న మోములవారిని వాల్మీకి పేర్కొనెను. కావున రూపమున క్రీడాకర్తలు నిర్దోషులు, శబ్దముననే సాపరాధులు.

ఇట్టి క్రీడను నిందించి యూరకుండుట పండితునకుఁ దగదు. రాణి రాజగుటను గన్నులారఁ జూచిన బాలునికి స్త్రీప్రత్యయప్రకరణము చెప్పుట సులభము. అపమార్గమున నైనను పదము లతని చెవిఁ జేరినవి. వాని సాధురూపమును, అర్థమును దెలుపుట యుపాధ్యాయుని వంతు.