‘సౌండ్ ఆఫ్ మెటల్’లో చెప్పని సగం

డేరియస్ మార్డర్ దర్శకత్వంలో 2019లో వచ్చిన ఈ అమెరికన్ చిత్రంలో, వినికిడి కోల్పోయిన డ్రమ్మర్ రూబెన్ కాక్లియర్ ఇంప్లాంట్లు అమర్చుకుంటాడు. వాటిని పనిచేయించగానే అతనికి వినిపించే గరగర ధ్వనినే మనకూ వినిపించారు. ఉత్తమ శబ్దగ్రహణానికి 2021లో ఆస్కార్ దక్కడం సబబే.

ఆ గరగరకు శాస్త్రీయ కారణముంది. వినికిడి యంత్రంలా ఇది శబ్దాన్ని పెంచి వినిపించదు. ప్రాసెసర్ శబ్దాన్ని పౌనఃపున్యాలవారీగా విడదీస్తే, లోపలి చెవిలోని కర్ణావర్తంలో అమర్చిన ఎలక్ట్రోడ్లు శ్రవణనాడిని విద్యుత్తుతో ప్రేరేపిస్తాయి. సహజమైన చెవిలో ఆ నాడికి సంకేతాలందించే కేశకణాలు సుమారు 3,500. ఎలక్ట్రోడ్లు సాధారణంగా 12 నుంచి 22 మాత్రమే!

చివరి దృశ్యంలో రూబెన్ ప్రాసెసర్లు తీసేసి నిశ్శబ్దంలో శాంతి పొందుతాడు. చెవిటితనం సరిదిద్దవలసిన లోపం కాదన్న చిత్ర సందేశం గౌరవించదగినదే. అయితే పరికరం అమర్చాక అసలు సాధన అప్పుడే మొదలవుతుంది. విద్యుత్ మోతాదును నిపుణులు పలుమార్లు సరిచేస్తారు. మెదడు నెలల తరబడి ఆ సంకేతాలకు అర్థం నేర్చుకుంటుంది. సంగీతం కష్టమైనా, మాటలు వచ్చాక వినికిడి పోయినవారిలో చాలామందికి సంభాషణ క్రమంగా తెలుస్తుంది. చిత్రం దీన్ని విస్మరించింది.

పుట్టుచెవుడున్న పసివాడికి ఇంప్లాంటు ఆలస్యమైనకొద్దీ మాటలు నేర్చుకోవడం కష్టమవుతుంది. ఆ నిర్ణయం తీసుకోవలసిన తల్లిదండ్రులకు సగం నిజం చాలదు.